నీళ్ళలో ఉన్నవాడికి కాగితం ఇవ్వకూడదు

రాకేష్, ఆ ఫోను కాసేపు బల్ల మీద పెట్టు నాయనా. ఫారం ఎక్కడికీ పారిపోదు. అన్నీ నింపావు కదా. పేరు రామబ్రహ్మం, వయసు నలభై తొమ్మిది, అనుభవం ఇరవై మూడేళ్ళు, అదంతా బాగానే ఉంది. "పాత కంపెనీ ఎందుకు మానేశారు" అన్న గడి దగ్గరికి వచ్చేసరికి నీ వేలు ఆగిపోయింది. ఆగుతుంది మరి. మీ నానక్‌రామ్‌గూడ కంపెనీలో నా పేరు సిఫారసు చేసేది నువ్వు, రేపు ఎవడైనా అడిగితే మాట పడేది నువ్వు. అందుకని అసలు సంగతి తెలుసుకోవాలి, తప్పులేదు. నా టీమ్‌లో పనిచేసిన ఈ శ్యామ్ లాంటివాళ్ళేమో రామబ్రహ్మాన్ని తీసేశారని కొండాపూర్ అంతా టముకు వేశారు. నన్ను తీసేయడమేంటి? రోడ్డుకి అవతల కనిపిస్తోంది చూడు ఆ అద్దాల మేడ, దానికి పునాది గుంట తవ్వేనాటికే నేను ఆ కంపెనీలో పాతకాపుని. కూర్చోండి. జరిగింది జరిగినట్టు చెబుతాను. విన్నాక ఆ గడిలో ఏం రాయాలో నీకే తెలుస్తుంది.

రత్నమాలమ్మా, మూడు చాయ్. నాకు చక్కెర లేకుండా. శ్యామ్, ఆ బ్యాగు జరపకు, నా పక్కనే ఉండనీ. అందులో లాప్‌టాప్ ఉంది. కొత్తది, కన్సల్టింగ్ పని కోసం కొన్నాను.

"బ్యాగు మరీ పల్చగా ఉందేంటండీ?"

ఇప్పుడొచ్చే లాప్‌టాప్‌లు అలాగే ఉంటాయి. విను.

ఇదంతా మోకాళ్ళతో మొదలైంది. మదీనాగూడలో ఒక డాక్టరమ్మ ఉంది, ఆవిడ నా ఎక్స్‌రే దీపానికి ఎత్తిపట్టి, ఈ మోకాళ్ళు మీవా మీ నాన్నగారివా అని అడిగింది. షుగరు రెండు వందల పది, బీపీ సంగతి చెప్పుకోకపోవడమే మర్యాద. నడవకండి, పరిగెత్తకండి, ఈత కొట్టండి అంది. మా రోహిణి పక్కనే ఉంది, వెంటనే సరే అనేసింది, ఈత కొట్టేది తనన్నట్టు. నాకేమో నీళ్ళంటే ప్రాణభయం. పుట్టింది రేపల్లె పక్కన, ఇంటికి నాలుగు వైపులా కాలవలే, కానీ జాతకంలో జలగండం ఉందని మా అమ్మ నన్ను ఏ గట్టూ ఎక్కనివ్వలేదు. తోటి పిల్లలు వంతెన మీంచి దూకుతుంటే నేను వాళ్ళ చొక్కాలకి కాపలా కూర్చునేవాణ్ణి. నలభై తొమ్మిదేళ్ళ పాటు బకెట్టూ చెంబూ తప్ప వేరే నీళ్ళు ఎరగను.

ఈత కొలను మన కంపెనీలోనే ఉంది కదా శ్యామ్, కింద జిమ్ము వెనకాల. మా ఉద్యోగుల ఆరోగ్యమే మా ఆరోగ్యం అని గోడ నిండా బొమ్మ వేశారు. పన్నెండేసి గంటలు కుర్చీలో కూర్చోబెట్టి నడుములు విరిచేది వాళ్ళే, పోయి బాగుచేసుకోండని నీళ్ళు చూపించేదీ వాళ్ళే. సరే అని పోతే బోలెడు నియమాలు. కాటన్ నిక్కరు పనికిరాదు, ఒంటికి అతుక్కుపోయే నైలాన్ కాస్ట్యూమే వేసుకోవాలి, నెత్తికి రబ్బరు టోపీ పెట్టుకోవాలి, దిగే ముందు స్నానం చేయాలి. బట్టలు, చెప్పులు, ఫోను, పర్సు, కళ్ళజోడు అన్నీ లాకర్లో పెట్టేయాలి. ఆ లాకరుకి తాళంచెవి ఉండదు. మెళ్ళో వేలాడే ఐడీ కార్డు చూపిస్తేనే తెరుచుకుంటుంది. ఆ కార్డుని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మణికట్టుకి కట్టుకుని నీళ్ళలో దిగాలి. ఈ సంగతి గుర్తుపెట్టు... ఆ, ఏం లేదులే, ఊరికే చెప్పాను.

మొదటి రోజు మూడున్నర అడుగుల నీళ్ళలో నిలబడి గోడకున్న కడ్డీ పట్టుకున్నవాణ్ణి గంట సేపు వదల్లేదు. కోచ్ పేరు కిరణ్ పాల్, పాతికేళ్ళుంటాయేమో. అంకుల్, మొహం నీళ్ళలో పెట్టి బుడగలు ఊదండి అన్నాడు. ఏటేటా నూట ఎనభై మందికి రేటింగులు వేసి, ఎవరికి జీతం పెరగాలో ఎవరికి పెరగకూడదో తేల్చినవాణ్ణి, తలవంచుకుని బుడగలు ఊదాను. ముక్కులోంచి నీళ్ళు పోయి నోట్లోంచి వచ్చాయి. రెండో వారం నీళ్ళ మీద తేలే పలక పట్టుకుని కాళ్ళు కొట్టమన్నాడు. అందరూ కొడితే ముందుకి పోతున్నారు, నేను కొడితే వెనక్కి పోతున్నాను. నిన్న మొన్న చేరిన పిల్లలు నన్ను దాటిపోతూ ఆల్ ద బెస్ట్ సార్ అనేవాళ్ళు. ఆ మాట వింటే ఇంకో గుక్కెడు నీళ్ళు లోపలికి పోయేవి. అయినా మానలేదు. పొద్దున తొమ్మిదింటికల్లా నీళ్ళలో ఉండేవాణ్ణి. నలభై ఒకటో రోజు, మంగళవారం, తొమ్మిదీ నలభైకి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, ఇరవై ఐదు మీటర్లు, మధ్యలో ఆగకుండా, కాలు నేలకి ఆనించకుండా ఈదాను.

"ఊరుకోండి సార్. టీమ్ అంతా రిసార్ట్‌కి పోయినప్పుడు పిల్లల తొట్టికి కూడా పది అడుగుల దూరంలో కుర్చీ వేసుకున్నారు మీరు."

నమ్మవా?

"నమ్మేలా చెప్పండి, నమ్ముతాను."

చూశావా రాకేష్. ఉన్నది ఉన్నట్టు చెబితే ఇదీ మర్యాద. చిన్నది నమ్మనివాడికి పెద్దదే చెప్పాలి.

అవతలి గోడ తాకానా, తాకి వెనక్కి చూస్తే ఏం కనపడిందో తెలుసా? నేను లేపిన అల ఇంకా బయలుదేరిన చోటే ఉంది. నేను వచ్చేశాను, అది రాలేదు. పాపం కదా అని దానికోసం ఆగాను. అది రొప్పుకుంటూ వచ్చి నా భుజం తాకి చతికిలబడింది. కిరణ్ పాల్ నోరు తెరిస్తే ఈల జారి నీళ్ళలో పడింది. అది అడుగుకి చేరేలోపు నేను మునిగి అందుకుని, తుడిచి వాడికిస్తే, వాడు దాన్ని నా మెళ్ళోనే వేసి, ఇక నుంచి మీరు నేర్పండి అంకుల్, నేను నేర్చుకుంటాను అన్నాడు. సరే చూడమని ఇంకో నాలుగు చుట్లు వేశాను. నాలుగో చుట్టుకి కొలనులో నీళ్ళు పొగలు కక్కాయి. అబద్ధమైతే అడుగు, టీ పొడి వేస్తే చాయ్ అయిపోయేది.

"నా చాయ్‌ని నడుమ తేకు సారూ," అంది రత్నమాల.

తేనులేమ్మా. ఇంతకీ వేగం గొప్ప కాదు, ఊపిరి గొప్ప. మొదట ఒక నిమిషం బిగబట్టాను, తర్వాత నాలుగు నిమిషాలు, తర్వాత లెక్కపెట్టడమే మానేశాను. ఆరడుగుల లోతున పద్మాసనం వేసుకుని కూర్చున్నాను. ఎంత ప్రశాంతంగా ఉందనుకున్నారు. ఫోను లేదు, మెయిలు లేదు, ఒక్క నిమిషం మాట్లాడొచ్చా అనేవాడు లేడు. అలా కూర్చుని ఉండగా మాటలు వినపడ్డాయి. ఎక్కణ్ణుంచంటే, కొలనులోకి నీళ్ళొచ్చే పైపూ, ఐదో అంతస్తు మీటింగ్ గదికి పోయే ఏసీ నీళ్ళ పైపూ ఒకటే. చెవి ఆనిస్తే గదిలో కూర్చున్నట్టే ఉంది. అవినాష్ గొంతు, మా పెద్ద బాసు, పేర్లు చదువుతున్నాడు. హెచ్ఆర్‌లో దేవిశ్రీ అనే పిల్ల ఉంది కదా, ఆ పిల్ల టిక్కులు పెడుతోంది. రెండు వందల పదకొండు పేర్లు. నా పేరు మూడోది. అక్షరాల వరసలో కాదు, జీతాల వరసలో.

అవినాష్ అంటే ఎవరనుకున్నారు? ఉద్యోగంలో చేరిన రోజున ప్రింటర్లో కాగితం ఏ వైపు పెట్టాలో వాడికి చూపించింది నేను. రెండేళ్ళు నా డబ్బాలో పులిహోర సగం తిన్నవాడు. నా పేరు చదివేటప్పుడు కాస్తయినా గొంతు తడబడుతుందేమోనని చెవి రిక్కించి విన్నాను. తడబడలేదు. నాలుగో పేరుకి వెళ్ళిపోయాడు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం.

"ఇది నిజంగ పైపులనే వినవడ్డదా అన్నా?"

పైపులోనే రాకేష్. పైపులోనే అనుకో. ఆ తర్వాత నేనేం చేశానో తెలుసా? పైకి రాలేదు. ఎందుకు రాలేదంటే, ఆ కంపెనీలో ఒక రూలుంది. మనిషిని తీసేయాలంటే కాగితం చేతికి ఇవ్వాలి. ఎదురుగా కూర్చోబెట్టి, కళ్ళలోకి చూసి, ఇన్నేళ్ళు మాకు పని చేశావు అని ఒక మాట చెప్పి, సంతకం పెట్టించుకోవాలి. అప్పుడే చెల్లుతుంది. నీళ్ళలో ఉన్నవాడికి కాగితం ఇవ్వకూడదు. తడిసిపోతుంది కదా.

"అసలు అట్లాంటి రూల్ ఉన్నదా?"

ఉండాలి కదా రాకేష్. ఉండొద్దూ?

పదిన్నరకి దేవిశ్రీ వచ్చింది, ఎత్తు మడమల చెప్పులతో తడి గట్టు మీద గోడ పట్టుకుని నడుస్తూ. సార్, రెండు నిమిషాలు పైకొస్తారా అంది. ఆగమని అడుగు నుంచి వేలు చూపించాను. పన్నెండు దాటింది, ఒంటిగంట దాటింది. ఆకలేయలేదా అంటారేమో, క్యాంటీన్ నుంచి ఇడ్లీ సాంబారు తెప్పించుకుని నీళ్ళ అడుగునే తిన్నాను. సాంబారు నీళ్ళలో కలవకుండా తినడమే నేర్పు. పక్క లేన్లో వాళ్ళకి కరివేపాకు కూడా తగల్లేదు. పనేమైనా ఆపానా? బిర్యానీ పార్శిల్ కవరు రెండు పొరలు చుట్టి లాప్‌టాప్ కిందికి దింపించుకున్నాను, నాలుగింటి మీటింగ్‌కి హాజరయ్యాను. సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఎందుకు ఆగిందో అరగంట విడమరిచి చెప్పాను. అంతా అయ్యాక, రామబ్రహ్మం గారూ మీరు మ్యూట్‌లో ఉన్నారు అన్నారు. నీళ్ళలో ఉన్నానురా నాయనలారా అంటే ఒక్కడికీ వినపడలేదు.

అలా ఎన్నాళ్ళున్నానో తెలుసా? మూడు రోజులు.

"మూడు రోజులేంటండీ, తోలు ఊడిపోదూ?"

నిండా మునిగినవాడికి చలేమిటి శ్యామ్. రెండో రోజు దేవిశ్రీకి తెలివి వచ్చింది, కాగితాన్ని లామినేషన్ చేయించి నీళ్ళలో వదిలింది. అది పైన తేలుతుంది, నేను కింద ఉంటాను, మా ఇద్దరికీ కుదరదు. సాయంత్రం జిమ్ములోంచి పది కేజీల డంబెల్ తెచ్చి, దానికి కట్టి వేశారు. నా ఒళ్ళోనే పడింది. చదివాను. చదివితే రెండో పేరాలో తప్పుంది. "మీ సేవలు ఇక అవసరం లేదు" అని రాశారు, "ఇన్నాళ్ళు అవసరమయ్యాయి" అన్న ముక్క ఎక్కడా లేదు. సరిచేసి పంపండని అంచున రాసి డంబెల్‌తో సహా గట్టు మీదికి విసిరేశాను. సరిచేయడానికి లీగల్ వాళ్ళ అనుమతి కావాలన్నారు, రాత్రంతా కూర్చున్నారు. మూడో రోజు పొద్దున కొలను ఖాళీ చేయిద్దామని మోటార్లు పెట్టారు. నేను నీళ్ళు పోయే కన్నానికి మడమ అడ్డం పెట్టాను. మోటారు గింజుకుని గింజుకుని కాలిపోయింది. కొండాపూర్ అంతా కరెంటు పోయింది ఆ రోజు. నీకు గుర్తుండాలి రత్నమాలమ్మా.

"కరెంట్ ఎప్పుడు పోదు సారూ ఇక్కడ?"

ఆ రోజు పోయింది నా వల్ల. ఇక చూడాలి, గట్టు నిండా జనం. లిఫ్టుల్లో చోటు లేక మెట్ల మీద దిగి వచ్చారు, ఒక్కొక్కళ్ళూ వంగి నన్ను పిలుస్తున్నారు. ఈ శ్యామ్ కూడా వచ్చాడు. మర్చిపోయావా శ్యామ్? గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని, మీరు చేయి పట్టి నడిపిస్తే ఇంతవాణ్ణయ్యాను, మీరు పోతే నేనూ పోతాను అన్నావు. కళ్ళజోడు మీద నీళ్ళు పడి నీకేం కనిపించడం లేదు, అయినా లేవలేదు.

"నేనా?"

నువ్వే. ఎంత ముచ్చటేసిందో. ఏం, తల దించుకున్నావు? చాయ్‌లో ఈగ పడిందా?

సరే, కథ అక్కడికి వచ్చిందా, అప్పుడు అవినాషే స్వయంగా దిగాడు. సూటూ బూటూ టై, అన్నీ ఉన్నాయి, ఈత ఒక్కటే రాదు. కాగితం పట్టుకుని గట్టు అంచున నిలబడి, రామబ్రహ్మం, మనం ఒక కుటుంబం అనబోయి, కు అన్న అక్షరం దగ్గర కాలు జారాడు. బుడుంగుమని ఆరడుగుల్లోకి పోయాడు. పైనున్న వందమందిలో ఒక్కడు దూకలేదు, అందరూ ఎవరైనా దూకుతారేమోనని చూస్తున్నారు. నేను కింద కూర్చుని చూస్తున్నాను, వాడు టై పట్టుకుని కిందికి దిగుతున్నాడు, నా కళ్ళకి ఎదురుగా వచ్చాడు. అప్పుడు చూశాడు నా కళ్ళలోకి. ఇరవై మూడేళ్ళలో అప్పుడు చూశాడు. వదిలేద్దామా అనిపించింది. అబద్ధమెందుకు, అనిపించింది. కానీ పులిహోర తిన్నవాడు కదా. వీపు మీద వేసుకుని, ఒక్క చేత్తో, ఇరవై ఐదు మీటర్లూ ఈది గట్టు మీద పడేశాను. పొట్ట నొక్కితే నీళ్ళు కక్కాడు, కళ్ళు తెరిచాడు. తెరిచి మొట్టమొదట ఏమన్నాడో తెలుసా? ఈ పని ఇంకా తక్కువ మందితో చేయొచ్చా అన్నాడు. నేనొక్కణ్ణే చేశానయ్యా అన్నాను. అందులో సగంతో చేయొచ్చా అన్నాడు.

ఏం రాకేష్, నవ్వొచ్చిందా? నవ్వు. ఆ మాటకి గట్టు మీద ఎవరూ నవ్వలేదు. ఆఖరికి వాడికే సిగ్గేసింది. రెండు వందల పదకొండు కాగితాలూ తెప్పించి నా ఎదుటే చింపి నీళ్ళలో పోశాడు. నా ఒక్కడిది చింపితే ఒప్పుకోనన్నాను, అందరివీ చింపాలన్నాను. చప్పట్లు ఎంతసేపు కొట్టారో. ఇంకో పదేళ్ళు ఉండండి, పెద్ద పదవి ఇస్తామన్నారు. నేనే వద్దన్నాను. నాకు ఈత వచ్చింది, ఇక మీ గట్టు మీద నాకేం పని అన్నాను. అవినాష్ తన సూటు విప్పి నాకు తొడిగాడు. ముందు గేటులోంచి, అటూ ఇటూ సెక్యూరిటీ వాళ్ళు సెల్యూట్ కొడుతుంటే, నడుచుకుంటూ బయటికి వచ్చాను. ఒంటి మీద చుక్క తడి లేదు. అదీ సంగతి. అందుకని ఆ గడిలో, స్వచ్ఛందంగా మానేశారు అని రాయి.

"రాయమంటవా అన్నా?"

రాయి. ఆలోచిస్తావేం?

"సారూ..."

ఎవరూ? మరియమ్మా. నువ్వెప్పుడు వచ్చావు?

"జరసేపైంది సారూ. ఫ్లాస్క్‌ల చాయ్ పోయించుకపోదామని వచ్చిన. మీరు చెప్తున్నరు గదా, నడుమల ఎందుకని నిలవడ్డ."

రాకేష్, ఈమె మరియమ్మ. ఆఫీసులో కొలను దగ్గర శుభ్రం చేసేది ఈమే. చాలా మంచి మనిషి. సరే మరియమ్మా, నీకు ఆలస్యమవుతుంది, వెళ్ళు. మనం తర్వాత మాట్లాడుకుందాం.

"పోత సారూ. నా చీర తెచ్చిన్రా?"

"ఏ చీరండీ?"

నువ్వూరుకో శ్యామ్. మరియమ్మా, రేపు.

"ఆదివారం ప్రార్థనకు మా చెల్లె వస్తున్నది సారూ. అది పెట్టిన చీరనే. కట్టుకోకుంటె మనసుల పెట్టుకుంటది."

"మరియమ్మ చీర మీ దగ్గరెందుకుందండీ?"

చాలు. ఇక చాలు, మరియమ్మా.

"చాలంటె ఎట్ల సారూ? ఆడిమనిషి చీర మీ కాడ ఉన్నదని చెప్పి ఊకుంటె నలుగురు ఏమనుకుంటరు? మీకేం కాదు, నాకు చెడ్డపేరొస్తది. చెప్తెనే మంచిది. శ్యామ్ సారూ, మీరు గూడ వినుండ్రి. సారు నీళ్ళల్ల ఉన్నప్పుడే కార్డు బందు చేసిన్రు. ఈయన బయటికొచ్చి లాకరు కాడ కార్డు పెడితె ఎర్ర లైటు. మల్ల పెడితె మల్ల ఎర్రదే. బట్టలు లోపల, ఫోను లోపల, కండ్లద్దాలు లోపల. సెక్యూరిటోళ్ళొచ్చి, మీ పేరు లిస్టుల లేదు సార్, లోపల ఉండొద్దన్నరు. గా ఈత నిక్కరు మీద, నెత్తికి టోపీతోని, గేటు కాడ నిలవెట్టిన్రు. రెండు గంటలు. పైన అద్దంల నుంచి అందరు చూసుడే. ఎవలన్నొచ్చి లాకరు తీపియ్యమని గార్డు శ్యామ్ సార్‌కు ఫోన్ గూడ చేసిండు. మీటింగ్‌ల ఉన్న అన్నరట. నేను చూడలేకపోయిన. డ్యూటీకి యూనిఫాం ఏసుకుంటం గదా, ఇంటి నుంచి కట్టుకొచ్చిన చీర గూట్ల ఉండె. అది తెచ్చి లుంగీ తీర్గ చుట్టుకోమన్న. చుట్టుకొని ఆటోల పోయిండు. గంతే."

చాయ్ తాగు శ్యామ్. చల్లారిపోతోంది.

"మాట్లాడొద్దని మెయిల్ వచ్చింది సార్. తీసేసినవాళ్ళతో ఎవరూ మాట్లాడొద్దు, ఫోన్లు ఎత్తొద్దు అని. లేకపోతే నేను..."

తెలుసు. ఆ మెయిల్ రాసింది నేనే. రెండేళ్ళ కిందట ఎనభై మందిని తీసేసినప్పుడు, ఏ గొడవా జరగకుండా ఎలా చేయాలో కమిటీ వేసి నన్ను అడిగారు. తీసేసినట్టు మెయిల్ పంపే ముందే కార్డు ఆపేయండి, చెప్పి ఆపితే లోపల కూర్చుని ఏడుస్తారు, ఆలస్యమవుతుంది అని నేనే చెప్పాను. మంచి సలహా అని అవినాష్ నా భుజం తట్టాడు. నీళ్ళలో ఉన్నవాడి సంగతి నాకప్పుడు తోచలేదు. ఈత రాదు కదా.

ఎవరూ రాలేదు రాకేష్. దేవిశ్రీ రాలేదు, అవినాష్ రాలేదు. కాగితం ఎవరూ చేతికివ్వలేదు. వారం తర్వాత నా ప్యాంటూ చొక్కా కొరియర్లో వచ్చాయి. వాటికి మాత్రం సంతకం పెట్టించుకున్నారు.

ఆ బ్యాగు జిప్పు తియ్యి నాయనా.

"ఇందుల లాప్‌టాప్ లేదన్నా."

లేదు. చీర ఒక్కటే ఉంది. మా రోహిణి ఉతికి ఇస్త్రీ చేయించింది. ఆ రోజు గుమ్మంలో నన్ను అలా చూసి, ఈ చీర ఎవరిదని ఒక్క మాట అడగలేదు. అడిగినా బాగుండేది. ఇరవై రోజుల నుంచి రోజూ బ్యాగులో పెట్టుకుని వస్తున్నాను మరియమ్మా. రోడ్డు దాటితే గేటు. దాటలేక ఇక్కడ చాయ్ తాగి వెళ్ళిపోతున్నాను. తీసుకో. తప్పు నాదే.

"తప్పేముంది సారూ. మడత గూడ పోలె."

"అన్నా, ఒక్కటి అడుగుత, ఏమనుకోకు. అయితె ఈత గూడ అబద్ధమేనా?"

ఏం చెప్పమంటావు రాకేష్.

"ఈదిండు," అంది మరియమ్మ. "అబద్ధమెందుకు? నేను గట్టు తుడుస్తున్న, చూసిన. ఈ గోడ కాడికెళ్ళి ఆ గోడ దాక, ఆగకుండ ఈదిండు. కోచ్ సారు ఫోన్ చూసుకుంటుండె. ఈయన అటు పోయి, గోడ పట్టుకొని, ఎవరన్న చూసిన్రా అని చుట్టూ చూసిండు. ఎవరు లేరు, నేనొక్కదాన్నే. రెండు చేతుల మాపు కట్టె ఉండె, చప్పట్లు కొట్టలేకపోయిన. నేను పోతున్న సారూ, చాయ్ కోసం వాళ్ళు చూస్తుంటరు."

వెళ్ళిరా మరియమ్మా. రోడ్డు చూసి దాటు.

"అన్నా. మరి గడిల ఏం రాయమంటవు?"

తీసేశారని రాయి.

"కింద ఇంకో గడి ఉన్నది. ఇంకేమన్న వచ్చా అని. ఈత వచ్చని రాయనా?"

అది వద్దు నాయనా. ఎవరూ నమ్మరు.